నానబోసిన గింజలు

14, చాపెల్ రో,
క్రాగ్‌లా, డర్హమ్.
1962 అక్టోబరు 8

కోట్స్ గారికి,

కవరు మీద నా పేరు చూసి చింపకుండానే పొయ్యిలో పడేద్దామనుకుని ఉంటారు. పడెయ్యకుండా ఇక్కడిదాకా చదివితే అదే చాలు.

మా ఆయన మాటీ ఆగస్టు ముప్ఫైన పోయాడు. కబురు మీకు అందే ఉంటుంది. చాపెల్‌లో పాట పాడుతున్నంతసేపూ వెనక బల్ల దాకా చూశాను, మీరొచ్చారేమోనని. రాలేదు. తప్పు పట్టను. పక్కపక్క తోటల్లో ఇరవై ఏళ్ళు మోకాళ్ళ మీద పాకిన మనుషులు పదకొండేళ్ళుగా ఎదురుపడితే మొహాలు తిప్పుకున్నారు. ఇప్పుడొచ్చి మాత్రం ఎవరితో మాట్లాడతారు?

సంగతేమిటంటే, మాటీ షెడ్డులో ఆవపొడి డబ్బాలో ఒక కాగితం పొట్లం దొరికింది. అందులో పందొమ్మిది స్వీట్ పీ పూలతీగ గింజలున్నాయి. ఏడేళ్ళు కూర్చుని, సన్న బ్రష్షుతో ఈ పువ్వు పుప్పొడి ఆ పువ్వుకి అంటించి అంటించి, ఈ జూన్‌లో ఒక కొత్త పువ్వు పుట్టించాడు. ఒకే ఒక్క తీగ. పూలు పెంచేవాళ్ళ క్లబ్బులో ఒక్కరికీ చూపలేదు. నాకు చూపించాడు, అదీ చుట్టూ గోనెలు కట్టి. వచ్చే జులై పోటీలో పెడతానన్నాడు. ఊపిరి అందకపోయినా కర్ర పట్టుకుని వెళ్ళి కాయలు తనే కోసుకొచ్చాడు. మూడు వారాలకి పోయాడు.

నాకు తోటపని రాదు. మాటీ నన్ను కంచె దాటి రానిచ్చేవాడు కాదు. పోటీ రోజున టీ కలపడం వరకే నా పని. మాటీ పనిచేసిన గని ఆఫీసు వాళ్ళు తోటని వచ్చే సెప్టెంబరు దాకా నాకు ఉంచుతామన్నారు. అంటే నాకున్నది ఒక్క వేసవి. ఈ గింజలు మొలవకపోతే ఆ పువ్వు ఈ లోకంలో ఇంకెక్కడా లేదు.

క్లబ్బులో ఎవరినైనా అడగొచ్చు కదా అంటారేమో. అది పిల్లికి పాలకుండ అప్పజెప్పడమే. మీరు దూరంగా ఉన్నారు, మీకు అక్కడ మట్టి లేదు. అదొకటి. రెండోది, మీతో మాటలు పోయాక కూడా మాటీ అనేవాడు: "సెప్ చెయ్యి తగిలితే గులకరాయి కూడా మొలకేస్తుంది" అని. అందుకే అడుగుతున్నాను. గింజలు పాలిపోయిన రంగు, ముడతలు పడి, గోధుమ చుక్కలతో ఉన్నాయి. ఇంట్లో ఎలా మొలిపించాలో రాసి పంపండి. పాత సంగతులు తవ్వను, మీరూ తవ్వక్కర్లేదు.

నోరా రెయిన్


విట్లీ బే.
అక్టోబరు 15

మిసెస్ రెయిన్ గారికి,

మీ ఉత్తరం అందింది. మీకు కలిగిన కష్టానికి విచారిస్తున్నాను.

పద్ధతి ఇది. గింజకి కన్ను ఉంటుంది, చిన్న మచ్చలాగా. దానికి సరిగ్గా ఎదురువైపు పదునైన చాకుతో గాటు పెట్టాలి, పై తొక్క తెగేటంత. తర్వాత గోరువెచ్చని నీళ్ళలో రెండు రోజులు నానబొయ్యాలి. ఉబ్బుతాయి. ఉబ్బినవాటిని సాసర్లో తడి అద్దుడు కాగితం మీద పరిచి పొయ్యి పైన అరలో వెచ్చగా పెట్టండి. వారంలో మొలకలు కనిపిస్తాయి. కనిపించాక మట్టిలో పెట్టుకోవచ్చు.

నల్లవైనా పాలిపోయినవైనా పద్ధతి ఒకటే. అన్నీ ఒకేసారి వెయ్యండి.

పాత సంగతులు తవ్వనన్నారు. మంచిది. నేను మరిచిపోలేదని మాత్రం తెలిస్తే చాలు.

ఎస్. కోట్స్


క్రాగ్‌లా.
అక్టోబరు 30

కోట్స్ గారికి,

మీరు చెప్పినట్టే చేశాను. కళ్ళజోడు పెట్టుకుని, మాటీ గడ్డం గీసుకునే కత్తితో, ఒక్కో గింజకి పావుగంట. రెండు రోజులు నానాక ఎంత నిండుగా ఉబ్బాయనుకున్నారు? చూసి నవ్వొచ్చింది. ఇంట్లో నవ్వి రెండు నెలలయింది. పక్కింటి మిసెస్ డాడ్ గోడవతల నుంచి "ఏమైందే నోరా, పిచ్చెక్కిందా" అంది.

సాసరు పొయ్యి పైన పెట్టి రోజుకి పదిసార్లు చూశాను. నాలుగో రోజు జిగురు పట్టాయి. ఆరో రోజుకి వాసన. వేలితో తాకితే తొక్క ఊడి, లోపల చీములాగా వచ్చింది. అన్నీ అంతే. ఒక్కటీ మిగల్లేదు.

నా చేతి తప్పే. గాటు లోతుగా పడి ఉంటుంది, లేకపోతే కన్ను ఎక్కడుందో పోల్చుకోలేక దాన్నే కోసి ఉంటాను. మీరు ఉన్నంతలో చక్కగా విడమరిచి రాశారు. అందుకు అల్లం రొట్టె డబ్బాలో పెట్టి పంపుతున్నాను. మీ ఆవిడ ఎల్సీకి ఇది ఇష్టమని గుర్తు. మీకూ ఇష్టమేననుకుంటాను.

మాటీని మట్టిలో పెట్టిన రోజు నాకు ఏడుపు రాలేదు. అందరూ గుండె రాయి అనుకున్నారు. ఆ సాసరు కడిగేటప్పుడు కూర్చుని ఏడ్చాను. మీకు రాయకూడని సంగతే, అయినా ఇంకెవరికి రాయను.

నోరా రెయిన్


విట్లీ బే.
నవంబరు 8

నోరా గారికి,

అల్లం రొట్టె చేరింది. బ్రెండా చెరో ముక్క పెట్టి మిగతాది దాచేసింది. నా కూతురు మంచిదే కానీ, గనిలో సూపర్‌వైజర్లు నయం. కిటికీ తియ్యకూడదు, మెట్లు దిగకూడదు, దగ్గొస్తే గట్టిగా దగ్గకూడదు, కింద వాళ్ళకి వినపడుతుందట. రోజంతా కిటికీలోంచి సముద్రం చూస్తూ కూర్చుంటాను. సముద్రంలో ఏం మొలుస్తుంది చెప్పండి.

నా ఊపిరీ మాటీ ఊపిరిలాంటిదే. ఒకే బొగ్గు గోడని తవ్విన వాళ్ళం కదా. రెండడుగుల ఎత్తున్న చోట పక్కకి పడుకుని, అతను అటు, నేను ఇటు. వాడికి తుమ్మొస్తే నాకు మట్టి రాలేది. పైకొచ్చాక తిన్నగా తోటకే పోయేవాళ్ళం. అంతసేపు చీకట్లో ఉన్న వాళ్ళకి రంగులంటే ఎంత ఆకలో గని ఎరగని వాళ్ళకి చెప్పినా తెలీదు.

మీ చేతిని తిట్టుకోకండి. మీ చెయ్యి మంచిదే.

ఇంకొక్కమాట. గింజలు పండించేవాడు ఉన్నవన్నీ ఒకచోట పెట్టడు. కోటు జేబులు చూడండి, షెడ్డులో మేకులడబ్బా చూడండి. ఎక్కడైనా రెండు మూడు దొరికితే వాటిని ముట్టుకోకుండా ముందు నాకు రాయండి. దయచేసి.

సెప్ కోట్స్


క్రాగ్‌లా.
నవంబరు 21

సెప్టిమస్ కోట్స్‌కి,

నిన్న హిండ్‌మార్ష్ వచ్చాడు, క్లబ్బు సెక్రటరీ. తోట సంగతి మాట్లాడ్డానికి. మాటల్లో మాటగా అడిగాను, ఊరికే తెలుసుకుందామన్నట్టు, పాలిపోయిన ముడతల గింజల్ని నానబెడతారా అని. టీ పొలమారేటట్టు నవ్వాడు. "మిసెస్ రెయిన్, నల్లవాటి తొక్క గట్టిది, వాటికి గాటు పెడతాం. ఆ పాలిపోయిన వాటికి తొక్కే ఉండదు. చాకు తగిలితే, నీళ్ళు తగిలితే చీము పట్టడమే. పాలు తాగే పిల్లాడికీ తెలుసు" అన్నాడు.

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని ఊరికే అనలేదు.

ఇరవై ఏళ్ళు కప్పులు గెలిచిన మనిషివి. నీకు తెలియదా? తెలిసే రాశావా? అవును, కాదు, ఏదో ఒకటి రాయి. కథలొద్దు.

నోరా రెయిన్


విట్లీ బే.
డిసెంబరు 3

నోరాకి,

అవును.

కథలొద్దన్నావు కానీ ఇది చెప్పకపోతే నాకు ఊపిరాడదు. 1951 పోటీ. జాడీలో పన్నెండు కాడలు పెట్టాలి, అన్నీ సొంత తోటవే కావాలి. ఆ పొద్దున తడిగుడ్డలో చుట్టేటప్పుడు నాది ఒకటి విరిగింది. పదకొండు మిగిలాయి. పక్కన మాటీ వరస. ఎవరూ లేరు. ఒక్క కాడ తెంపాను. అది దొంగతనమే, కాదనను. పది గంటలకి జడ్జి వచ్చి, హాలు నిండా జనం చూస్తుండగా నా కార్డు మీద గీత కొట్టి, జాడీ ఎత్తి బల్ల కింద పెట్టాడు. జీవితాంతం క్లబ్బు గడప తొక్కొద్దన్నారు. ఎల్సీ నీ పక్కనే నిలబడి టీ పోస్తోంది గుర్తుందా? చేతిలో కెటిల్ అక్కడే పెట్టి, ఏప్రన్ విప్పకుండా బయటికి నడిచింది. మళ్ళీ ఆ హాల్లో అడుగు పెట్టలేదు. చాపెల్‌కీ మానేసింది. రెండు చలికాలాలు గడిచాక పోయింది.

ఆ పొద్దున తోటలో ఉన్నది మాటీ ఒక్కడే, షెడ్డులో. జడ్జికి చెబితే వాడే చెప్పి ఉండాలి. నేను అడగలేదు. అడిగితే అబద్ధం ఆడతాడనో, నిజం చెబుతాడనో, ఏదో భయం.

నీ ఉత్తరం వచ్చిన రోజు చెయ్యి దానంతటదే రాసిందని రాద్దామనుకున్నాను. అది అబద్ధం. ప్రతి అక్షరం తెలిసే రాశాను. పోస్టు డబ్బాకి మూడు వీధులు నడవాలి. నాలుగుసార్లు ఆగాను ఊపిరి కోసం. నాలుగుసార్లూ వెనక్కి తిరగొచ్చు. తిరగలేదు. నీ అల్లం రొట్టె వచ్చాక నా బతుకు మీద నాకే రోత పుట్టింది.

గింజలేవైనా మిగిలితే, ఎల్సీ మీద ఒట్టు, ఇదీ అసలు పద్ధతి. గాటు వద్దు, నానబెట్టొద్దు. లోతైన కుండీలో సగం ఇసుక సగం మట్టి, ఒక అంగుళం లోతున గింజ. ఒక్కసారి తడిపి మూడు వారాలు నీళ్ళ జోలికి పోవద్దు. ఎలకలు తినకుండా పైన పలక మూత. మొలక కనపడగానే చలిలో బయటపెట్టాలి.

సెప్


క్రాగ్‌లా.
డిసెంబరు 17

సెప్‌కి,

జడ్జి చెవిలో వేసింది మాటీ కాదు. నేను.

మాటీకి టీ కేను ఇవ్వడానికి కంచె దాకా వచ్చాను ఆ పొద్దున. నువ్వు అటూ ఇటూ చూసి కాడ తెంపడం చూశాను. మాటీకి చెప్పలేదు. చెబితే "పోనీలెద్దూ" అంటాడని తెలుసు. పంతొమ్మిదేళ్ళు రెండో బహుమతి తెచ్చుకున్నాడు, ప్రతిసారీ నీ వెనక. నవ్వుతూ తెచ్చుకునేవాడు. ఆ నవ్వు చూసి నాకు ఒళ్ళు మండేది. ఒక్కసారైనా మొదటివాడు కావాలని, అంతే. ఎల్సీ నా పక్కనే చక్కెర వేస్తోంది, ఆమెకి వినపడకుండా నేను జడ్జికి కప్పు అందిస్తూ చెప్పేశాను.

సాయంత్రం మాటీకి తెలిసింది. "అడిగితే వరసంతా పీకి ఇచ్చేవాణ్ణి కదే వాడికి" అన్నాడు. నెల రోజులు నా చేతి కూడు తిన్నాడు కానీ నాతో మాట్లాడలేదు. మీ ఇంటికొచ్చి ఒప్పుకుంటానంటే వద్దన్నాడు. "వాడు నేనే అనుకుంటాడు, అనుకోనీ. నువ్వని తెలిస్తే ఎల్సీ ఇంక నీ మొహం చూడదు" అన్నాడు. ఎల్సీ ఎలాగూ చూడలేదు. పదకొండేళ్ళు నీ ఎదురుగా దోషిలా నడిచాడు, నా కోసం.

కాబట్టి ఇప్పుడు విను. నువ్వు కక్ష తీర్చుకున్నది నీకేమీ చెయ్యని వాడి మీద. వాడి ఏడేళ్ళ పనిని, వాడు చచ్చాక, వాడి పెళ్ళాం చేత్తోనే కుళ్ళబెట్టించావు.

నాలుగు గింజలు ఉన్నాయి. మొదటిరోజే తీసి పక్కన పెట్టాను, ఎవరికీ చెప్పకుండా. మా అమ్మ ఉప్పు కూడా రెండు జాడీల్లో పెట్టేది. హిండ్‌మార్ష్ మాట ప్రకారం పొడిమట్టిలో వేశాను. ఇక నీ సాయం అక్కర్లేదు. ఉత్తరాలు కూడా వద్దు.

నోరా


విట్లీ బే.
1963 జనవరి 7

నోరాకి,

వద్దన్నా రాస్తున్నాను.

నీ మీద కోపం తెచ్చుకుందామని మూడు వారాలు చూశాను. రావడం లేదు. ఉన్న కోపమంతా మాటీ మీదే ఖర్చయిపోయింది. వాడిని తిట్టని పండగ లేదు. ఒకసారి గని లిఫ్టులో భుజాలు తగిలేటంత దగ్గర నిలబడి కూడా నేల చూశాను. వాడు "సెప్" అన్నాడు, మెల్లిగా. నేను పలకలేదు. ఇప్పుడు ఎన్నిసార్లు పలికినా ఎవడు వింటాడు.

అది నా ఏడుపు, వదిలెయ్. గింజల సంగతి రాయాలి. ఈ పాటికి మొలిచి ఉంటాయి. మొలిస్తే వంటగదిలోంచి తీసెయ్. మీ వంటగది నేనెరుగుదును. గని బొగ్గు ఊరికే వస్తుందని పగలూ రాత్రీ పొయ్యి మండుతూనే ఉంటుంది, ఓడ బాయిలర్‌లాగా. ఆ వేడికి, ఆ గుడ్డివెలుతురుకి మొలకలు పాలిపోయి దారాల్లా సాగుతాయి. సాగినవి పడిపోతాయి. వాటిని షెడ్డులో కిటికీ దగ్గర పెట్టు. మరీ గడ్డకట్టే రోజున గోనె కప్పు. స్వీట్ పీని చలి చంపదు నోరా, వేడి చంపుతుంది. ఇంట్లో మొలిపించే వాళ్ళందరూ చేసే తప్పు ఇదే.

నన్ను నమ్మకపోతే హిండ్‌మార్ష్‌ని అడుగు.

సెప్


క్రాగ్‌లా.
జనవరి 25

సెప్‌కి,

నాలుగింటిలో మూడు మొలిచాయి. క్రిస్మస్‌కి ముందే. నీకు తెలియాలనే రాస్తున్నాను, ఏడువు.

బయట పెట్టాలా? క్రిస్మస్ మర్నాడు మొదలైన మంచు ఇంతవరకూ ఆగలేదు. పంపులో నీళ్ళు గడ్డకట్టి రోడ్డు మీది మంచు కరిగించుకుని తాగుతున్నాం. గుమ్మంలో పెట్టిన పాలసీసా మూత పైకి తోసుకుని లేచింది. కిటికీ గట్టు మీద పిచ్చుకలు బిగుసుకుని పడి ఉంటున్నాయి, పొద్దున్నే చీపురుతో తుడుస్తున్నాను. మిసెస్ డాడ్ కుక్కని కూడా లోపలే పడుకోబెట్టింది. ఈ చలిలోకి రెండాకుల పసికూనల్ని తోసెయ్యమంటావు. అక్టోబరులో కూడా ఇలాగే చక్కగా, విడమరిచి రాశావు.

హిండ్‌మార్ష్‌ని అడగమన్నావు. అడిగితే ఏం గింజలంటాడు, చూపించమంటాడు, ఇంక ఆ పువ్వు వాడిదే. అది కూడా ఆలోచించే రాసి ఉంటావు.

అవి పొయ్యి పక్కనే ఉన్నాయి, మాటీ కుర్చీలో. అప్పుడే జానెడు దాటాయి. రోజూ చూస్తే రోజూ పెరుగుతున్నాయి. ఒకసారి మోసపోతే తప్పు నీది. రెండోసారి మోసపోతే నాది.

నోరా


విట్లీ బే.
ఫిబ్రవరి 1

నోరా,

జనవరిలో జానెడు అంటే అది పెరగడం కాదు. వెలుతురు కోసం పాకులాడటం. ఇవాళే, ఈ ఉత్తరం చేతిలో ఉండగానే, అడుగు నుంచి రెండో జత ఆకుల పైన గోటితో తుంచెయ్. చంపమంటున్నానని అనుకుంటావు, తెలుసు. తుంచితే కిందనుంచి బలమైన కొమ్మ వస్తుంది. తుంచి చలిలో పెట్టు. నీకు దణ్ణం పెడతాను.

ఇది మాటీ పువ్వు. నేను వాడికి ఇవ్వగలిగింది ఇంకేమీ లేదు.

సెప్


క్రాగ్‌లా.
ఫిబ్రవరి 27

సెప్‌కి,

అయిపోయింది.

మొదటిది ఈ నెల నాలుగున పడింది. మొదట్లో దారంలా సన్నబడి, పొద్దున లేచేసరికి మట్టి మీద అడ్డంగా. మిగతా రెండింటికీ అల్లిక సూదులు గుచ్చి ఉన్ని దారంతో కట్టాను. ఇంకా బొగ్గు వేశాను, చలికేమోనని. రెండోది పదిహేడున, మూడోది పోయిన మంగళవారం.

నీ ఫిబ్రవరి ఉత్తరం గడియారం వెనక పెట్టేశాను, చింపకుండా. మూడోది పోయాక చింపాను. అందులో ఉన్నవన్నీ, ఒక్కొక్కటీ, నా కళ్ళ ముందు జరిగినట్టే రాసి ఉన్నాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

నువ్వు వచ్చిన రోజు నేను ఇంట్లోనే ఉన్నాను. పదమూడో తారీఖు, బుధవారం. మంచులో రెండు బస్సులు మారి వచ్చి ఉంటావు. పై గది తెర పక్కనుంచి చూస్తూనే ఉన్నాను. చంకలో మొలకల్ని బయట పెట్టుకునే గాజుమూత పెట్టె. టోపీ మీద మంచు. మూడుసార్లు తలుపు కొట్టి, గోడకి చెయ్యి ఆనించి ఎంతసేపు దగ్గావో. "నోరా, నేనే, సెప్‌ని. మొలకల్ని ఒక్కసారి చూడనీ, చాలు" అన్నావు. వినపడింది. మిసెస్ డాడ్‌కి కూడా వినపడింది. అయినా కిందికి దిగలేదు. కుర్చీలో వాటిని ఏం చేసిపోతావోనని. నువ్వు పెట్టె గుమ్మంలో పెట్టి వెళ్ళిపోయావు. అది మంచులో అలాగే ఉంది.

ఆ రోజుకి రెండు నిలబడే ఉన్నాయి. నేను తలుపు తీసి ఉంటే బతికేవా? రాయి. నా మనసు కుదుటపడాలని మాత్రం అబద్ధం రాయకు.

నోరా


ఛాతీ ఆసుపత్రి, నాలుగో వార్డు.
ఏప్రిల్ 9

నోరాకి,

ఆలస్యమైంది. క్రాగ్‌లా నుంచి వచ్చిన రెండో రోజు మంచం ఎక్కాను, తర్వాత ఇక్కడికి తెచ్చారు. బ్రెండా నీ ఉత్తరాన్ని నెల రోజులు తన సంచీలో దాచింది, నా మనసు పాడవుతుందని. ఇది కూడా దుప్పటి కింద రాస్తున్నాను.

బతికేవి. తుంచి, చలిలో పెట్టి, నీళ్ళు ఆపితే రెండూ కాకపోయినా ఒకటి తప్పకుండా బతికేది. అంతకంటే పాడైనవాటిని నిలబెట్టాను నేను. అబద్ధం రాయొద్దన్నావు.

కానీ ఆ తలుపు మూసింది నువ్వు కాదు. అక్టోబరులో నేనే మూశాను. అబద్ధం చెప్పిన నోటితో నిజం చెబితే ఎవరు నమ్ముతారు? నేనైనా నమ్మేవాణ్ణి కాదు.

ఇక్కడ వరసగా పద్దెనిమిది మంచాలు, అందరూ గని వాళ్ళే. ఒకడు దగ్గు మొదలుపెడితే చివరి మంచం దాకా పాకుతుంది. డాక్టరు నాతో ఏమీ చెప్పడు, బ్రెండాతో వరండాలో చెబుతాడు. ఆమె కళ్ళు తుడుచుకుని లోపలికొచ్చి వాతావరణం గురించి మాట్లాడుతుంది. నాకు తెలిసిపోతుంది కదా.

ఒక్కటి అడుగుతాను. ఇవ్వకపోయినా తప్పు లేదు. ఆ పువ్వుని చూసినవాళ్ళు ఇద్దరే, అందులో ఒకడు లేడు. మాటీ ఏడేళ్ళూ ఏం వెతికాడో నాకు తెలియాలి. ఎలా ఉండేది?

సెప్


క్రాగ్‌లా.
ఏప్రిల్ 13

సెప్‌కి,

నీ ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచి ఆ పువ్వుని తలుచుకుంటూనే ఉన్నాను. సిగ్గుగా ఉంది చెప్పడానికి. ఒక కాడకి నాలుగు పూలా అయిదా అన్నది అప్పుడే చెదిరిపోతోంది. మాటీ లెక్కపెట్టి చెప్పాడు, నేను సరిగ్గా వినలేదు. టీ చల్లారిపోతోందన్నాను. రెక్క అంచు అలలుగా ఉందా, నున్నగా ఉందా? ఒకరోజు ఇలా, ఒకరోజు అలా అనిపిస్తోంది. ఇంకో ఏడాది పోతే ఏం మిగులుతుందో.

వాసన మాత్రం గుర్తుంది. గోనె పక్కకి తీయగానే మొహానికి తగిలింది. మాటీకి అప్పటికి వాసన తెలిసేది కాదు, ముక్కు, ఛాతీ అన్నీ పోయాయి. "ఎలా ఉందే, ఎలా ఉందే" అని నన్ను అడిగాడు. బాగుందన్నాను. అంతే అన్నాను సెప్, బాగుందని. ఇంకేమైనా అని ఉండాల్సింది.

తోట హిండ్‌మార్ష్‌కి అప్పజెప్పేశాను, సెప్టెంబరు దాకా ఆగలేదు. దుంపలు వేసుకుంటాడట. గింజల సంగతి వాడికి ఇప్పటికీ తెలీదు, ఇంక తెలిసినా ఏముంది.

నిన్ను చూడ్డానికి రమ్మని అడగలేదు నువ్వు, అదీ మంచిదే. నువ్వు గుమ్మంలో నిలబడితే తలుపు తియ్యని దాన్ని, ఏ మొహం పెట్టుకుని వార్డులోకి వస్తాను. నిన్ను పూర్తిగా క్షమించానని కూడా రాయలేను. సగం దాకా వచ్చాను. మిగతా సగానికి నా తప్పే అడ్డం వస్తోంది.

రంగు అడిగావు. దానికి పేరు లేదు. ఊదా కాదు, నీలం కాదు. చూసినప్పుడు ఎక్కడో రోజూ చూసే రంగే అనిపించింది కానీ తట్టలేదు. మాటీనే చెప్పాడు, చొక్కా చెయ్యి పైకి మడిచి. గనిలో రాయి తగిలి తెగినచోట బొగ్గు లోపలుండిపోయి చర్మం మూసుకుంటుందే, ఆ మచ్చ పక్కన పువ్వు పట్టుకుని చూపించాడు. రెండూ ఒకటే. "దీన్ని ఏడేళ్ళు వెతికానే" అన్నాడు.

నీకు ఎడమ చేతి వెనక పెద్దది ఒకటి ఉండాలి, గనిలో పైకప్పు కూలిన ఏడాదిది. దుప్పటిలోంచి చెయ్యి తీసి కిటికీ వెలుతురులో చూసుకో. దానికంటే రవ్వంత లేత.

నోరా